ఎండ తగిలే గోడకు కెమెరా బిగించబోతున్న మేనల్లుడికి

చి. శ్రీనుకి ఆశీస్సులు.

ఇంటి చుట్టూ కెమెరాలు నువ్వే బిగిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషమేరా. పడమటి గోడకు ఎండ నేరుగా కొడుతుంది, లెన్సు మాడిపోతుందేమోనని నీ బెంగట. కెమెరాకి ఎండ దెబ్బ తగిలేది నిజమే గానీ, నువ్వనుకునే చోట కాదు.

సూర్యుణ్ణి చూస్తే కెమెరా కన్ను పోతుందన్న భయం పాత ట్యూబు కెమెరాల నాటిది. వాటిలో మచ్చ అచ్చుపడిపోయేది. తర్వాత సీసీడీ అనే పాత రకం సెన్సార్లు (వెలుగుని బొమ్మగా మార్చే చిప్పులు) వచ్చాక నిలువునా తెల్లటి చార పడేది, సూర్యుడు పక్కకి జరిగితే అదీ పోయేది. ఇప్పటి సెన్సార్లు రోజూ కాసేపు సూర్యుడు కనబడినంత మాత్రాన చావవు. కాకపోతే ఏళ్ల తరబడి అదే చోట ఎండ పడితే సెన్సార్ మీది రంగు ఫిల్టర్లు వెలిసిపోవచ్చు. జూమ్ ఉన్న తిరిగే కెమెరాని మాత్రం సూర్యుడి వైపు వదిలేయకు, ఆ లెన్సు వేడినంతా ఒక్క చోటికి తెస్తుంది. కెమెరా తల కిందికి వంచి, ఫ్రేములో ఆకాశం తగ్గించు. సన్‌షేడ్ ముందుకి లాగు, కానీ అంచు బొమ్మలో కనబడనీయకు. కనబడిందంటే రాత్రి కెమెరా వేసే ఐఆర్ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్) వెలుగు దాని మీద పడి బొమ్మంతా తెల్లబారుతుంది.

డబ్బా మీద 60 డిగ్రీలని రాసి ఉంటే అది చుట్టూ ఉన్న గాలి వేడి. ఎండలో కెమెరా ఒళ్లు అంతకంటే కాలుతుంది, లోపలి వేడి దానికి అదనం. లోపల కరెంటుని నిలవుంచే కెపాసిటర్లనే చిన్న భాగాల వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అందుకే తెల్ల బాడీ తీసుకో. బ్యాటరీ కెమెరా అయితే సోలార్ ప్యానెల్ ఎండలో, కెమెరా నీడలో ఉండాలి. లిథియం బ్యాటరీలు చాలావరకు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ ఎక్కవు.

ఇక నన్ను అసలు భయపెట్టేది జాయింటు. కెమెరా వెనక వేలాడే వైరు తోకని, నెట్ కేబుల్‌ని కలిపి, మామూలు ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టి, గోడకి అలా వేలాడదీసి వెళ్లిపోతారు చూడు, ఆ పని చేశావంటే నీ చెవి మెలేస్తా! ఎండకి టేపు జిగురు కరిగి కారుతుంది, టేపు కుంచించుకుని కొస లేస్తుంది. వేసవంతా ఏమీ తెలియదు. మొదటి వానకి నీళ్లు దూరతాయి. పీవోఈ లైనులో (నెట్ కేబుల్‌లోంచే కెమెరాకి కరెంటు వెళ్లే ఏర్పాటు) సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది కదా, ఆ తడిలో పిన్నులు పచ్చబడి, తినేసుకుపోతాయి. పగలు కెమెరా బాగానే నడుస్తుంది. చీకటి పడి ఐఆర్ దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ లాగగానే ఆఫ్ అవుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆఫ్. కెమెరా పోయిందనుకుని కొత్తది కొని అదే జాయింటుకి తగిలించేవాళ్లే ఎక్కువ.

నువ్వు జాయింటుని జంక్షన్ బాక్సులో పెట్టు. కెమెరాతో ఇచ్చే రబ్బరు వాషర్, ప్లాస్టిక్ తొడుగు పారేయకు, అవి అలంకారానికి ఇవ్వరు. తొడుగు లేకపోతే దానికదే అతుక్కునే రబ్బరు టేపుని బాగా సాగదీస్తూ, కింది నుంచి పైకి, సగం సగం మీదికొచ్చేలా చుట్టు. పైన ఎండకి ఆగే నల్ల టేపు వెయ్యి. కేబుల్ బాక్సు అడుగు నుంచే లోపలికి వెళ్లాలి, వెళ్లేముందు కిందికి ఒక వంపు ఉండాలి. బాక్సు గోడకి ఆనే చోట పై అంచుకీ పక్కలకీ సిలికాన్ జిగురు పూయి, అడుగు మాత్రం వదిలెయ్, చెమ్మ దిగడానికి దారి కావాలి. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వద్దు, రాగిని తినేస్తుంది.

కేబుల్ బయట వాడే నల్ల తొడుగుది తీసుకో. కేబుల్‌ని కట్టే తెల్ల ప్లాస్టిక్ టైలు ఎండకి పెళుసెక్కి విరుగుతాయి, నల్లవి కొను.

డోమ్ కెమెరా అయితే గాజులాంటి ఆ గిన్నె ఎండకి మసకబారుతుంది. పగలు చూస్తే పట్టుబడదు, రాత్రి బొమ్మ పాలు పోసినట్టుంటే అదే కారణం. తుడిచేటప్పుడు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. థిన్నర్ తగిలితే పగుళ్లొస్తాయి.

మిట్టమధ్యాహ్నం నిచ్చెన ఎక్కకురా. పొద్దున్నే, కింద ఎవరైనా పట్టుకుంటేనే ఎక్కు. బాక్సు మూత బిగించకముందు జాయింట్ల ఫొటోలు తీసి నాకు పంపు.

మీ మామయ్య