తాళం పడిన తేదీ ముందు చెప్పండి

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. పేపర్ మిల్లులో, బొగ్గు గనుల్లో పనికని తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలం. పిల్లలకు బాలవాడి, సాయంత్రం చదువులు, ఆడవాళ్లకు కుట్టు మిషన్లు, పండగకు కూడుకునేందుకు ఒక చోటు ఉండాలని కమ్యూనిటీ హాల్ తలపెట్టాం. 2011లో గణపతి మండపం దగ్గర మా పెద్దాయన ఒకరు మైకు పట్టుకుని, ఐదు గుంటల స్థలం ఇస్తున్నానని అందరి ముందూ ప్రకటించారు. ఆ మాట నమ్మి చందాలు వేసుకుని 2012లో స్లాబు పోశాం. పుస్తెలతాడు కుదువపెట్టి ఇచ్చిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. పెద్దాయన 2023లో కాలం చేశారు. మొన్న ఎండాకాలం సెలవుల్లో ఆయన కొడుకు హాలుకు తాళం వేసి, స్థలం అమ్మేస్తానంటున్నాడు. పోలీసులు సివిల్ గొడవ అన్నారు. పెద్దమనుషులు మాట్లాడుతున్నారు. ఈసారి బతుకమ్మ రోడ్డు మీదే ఆడుకున్నాం. పెద్దాయన కూతుళ్లిద్దరూ మా వైపే ఉన్నారు. పాత తేదీతో బాండు పేపరు రాయించుకుంటే పని అయిపోతుందని ఒకాయన సలహా ఇచ్చారు. అంతమంది ముందు అన్న మాటకు విలువ లేదా?

జవాబు: లేదు. స్థిరాస్తి దానం చెల్లాలంటే దాత సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజిస్ట్రేషన్ ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతోంది. మైకులో చెప్పినా, గుళ్లో ప్రమాణం చేసి చెప్పినా అంతే. పైగా దానం పుచ్చుకున్నది ఎవరు? మీ కమిటీకి ఇవాళ్టికీ రిజిస్ట్రేషన్ లేనట్టే కనిపిస్తోంది. అంత డబ్బు పోగుచేసి స్లాబు పోసినవాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఒక్క పూట వెళ్లలేకపోయారా? పెద్దాయన మైకులో ఆ మాట అన్నాక దాదాపు పన్నెండేళ్లు బతికే ఉన్నారు కదా!

దానం సంగతి అక్కడ వదిలేయండి. మీ కేసును తేల్చేది మీరు ఒక్క ముక్కలో దాటేసిన విషయం. ‘ఎండాకాలం సెలవుల్లో’ అన్నారు. మే మొదట్లోనా, జూన్ చివర్లోనా? మీ స్వాధీనంలో ఉన్న ఆస్తి నుంచి, మీ ఒప్పుకోలు లేకుండా, కోర్టు ద్వారా కాకుండా ఎవరైనా మిమ్మల్ని వెళ్లగొడితే, 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 6వ సెక్షన్ కింద దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అందులో స్థలం ఎవరిదన్న ప్రశ్నే రాదు. తాళం పడిన రోజు హాలు ఎవరి చేతిలో ఉంది, తాళం ఎవరు వేశారు, అంతవరకే. అసలు యజమాని మీద కూడా ఈ దావా నడుస్తుంది. కాకపోతే గడువు ఆరు నెలలే. ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు అప్పీళ్లకు ఉంటుంది గానీ దావాలకు ఉండదు. పోలీసు ఫిర్యాదు ఇచ్చామనో, పెద్దమనుషులు మాట్లాడుతున్నారనో ఆ ఆరు నెలలు ఆగవు. బతుకమ్మ అయిపోయింది, దీపావళికి కోర్టు సెలవులు వస్తాయి. మే మొదటి వారంలో తాళం పడి ఉంటే మీకు మిగిలింది రోజులే. గడువు సెలవుల్లో ముగిస్తే కోర్టు తెరిచిన రోజు వేసుకోవచ్చు నిజమే, దాని మీద ఆధారపడకండి.

దావా కమిటీ పేరు మీద వద్దు. మహారాష్ట్రలో నమోదు కావలసి ఉండీ కాని పబ్లిక్ ట్రస్టు (మీ కమిటీ లాంటి ప్రజోపయోగ సంస్థ) తరఫున హక్కు కోరుతూ వేసిన దావాను కోర్టు విననే వినకూడదని 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం 31వ సెక్షన్. అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే. అందుకని తాళంచెవి ఎవరి దగ్గర ఉండేదో, బాలవాడి ఎవరు నడిపారో ఆ మనుషులు సొంత పేర్లతో వేయాలి. స్థలం అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) కూడా అడగండి. మరోపక్క కమిటీని ట్రస్టుగా నమోదు చేయమని చారిటీ కమిషనర్ దగ్గర దరఖాస్తు పెట్టండి.

సాక్ష్యం అంటే పుస్తెలతాళ్ల కథ కాదు. మహావితరణ్ కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉంది? నగర పరిషత్ పన్ను రసీదులున్నాయా? బాలవాడి హాజరు పుస్తకంలో చివరి పేజీ ఏ తేదీది? తాళం ఫొటో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే ఆ ఫోన్‌ను అలాగే ఉంచండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీ కన్నా తీసిన ఫోను గట్టి సాక్ష్యం. ఫొటో ప్రింటును 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) దాఖలు చేయాలి. మైకులో మాట్లాడిన వీడియో ఉంటే అది దానాన్ని నిరూపించదు, అనుమతిని నిరూపిస్తుంది. ఆ తేడా మీకు పనికొస్తుంది. అనుమతితో ప్రవేశించి, సొంత ఖర్చుతో శాశ్వత కట్టడం కట్టినవాళ్లకు ఇచ్చిన లైసెన్సును, అంటే స్థలం వాడుకునే ఆ అనుమతిని, వెనక్కి తీసుకోవడం కుదరదని ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్. ఆరు నెలలు దాటిపోయి ఉంటే మీకు మిగిలే దారి అదే. పొడుగు దారి, సిమెంటు, ఇసుక, సలాకల బిల్లులు బయటికి తీయాలి. పన్నెండేళ్లు దాటింది కాబట్టి స్థలం మాదైపోయిందని మాత్రం వాదించకండి. అనుమతి మీద ఉన్నవాడు ఎన్నేళ్లున్నా అది ప్రతికూల స్వాధీనం (యజమాని హక్కును కాదని ఏళ్ల తరబడి ఆక్రమించి ఉండటం) కాదు.

ఇక బాండు పేపరు. ఆ సలహా ఇచ్చినాయన్ని హాలు దరిదాపులకు రానివ్వకండి. స్టాంపు ఏ రోజు ఎవరికి అమ్మాడో వెండర్ రిజిస్టర్లో ఉంటుంది. చనిపోయిన మనిషి సంతకంతో ఆస్తి కాగితం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్, శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు. పైగా ఆ ఒక్క కాగితంతో మీ నిజమైన బిల్లుల్ని కూడా జడ్జి అనుమానంగా చూస్తారు. తాళం పగలగొట్టడం కూడా వద్దు.

కూతుళ్లు మీ వైపున్నారని ఏదో మాటవరసకు రాశారు. అది బంగారం లాంటి విషయం. స్థలం పెద్దాయన స్వార్జితమై, వీలునామా లేకుంటే కొడుకుతో పాటు కూతుళ్లకూ, భార్య ఉంటే ఆమెకూ సమాన వాటా. కొడుకు ఒక్కడే మొత్తం అమ్మలేడు. సాత్ బారా (మహారాష్ట్రలో భూమి రికార్డు) తీయించండి, ఫేర్‌ఫార్‌లో (పేర్ల మార్పు రిజిస్టర్‌లో) ఎవరి పేర్లు ఎక్కాయో తలాఠి (గ్రామ రెవెన్యూ అధికారి) దగ్గర చూడండి. ట్రస్టు నమోదయ్యాక ఆ ఇద్దరి వాటాలు రిజిస్టర్డ్ దానపత్రం మీద తీసుకుంటే, కొడుకు తన వాటాకు ధర మాట్లాడుకోవడానికి తనే వస్తాడు.

కోర్టు ఖర్చులకు మళ్లీ చందా ఎత్తుతారు కాబట్టి, రసీదు పుస్తకం అచ్చు వేయించాకే మొదలుపెట్టండి.