క్యూ అక్షరమున్న పొడుగు మాటలు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి స్వాతికి,

అత్తయ్య ఆశీస్సులు.

బ్యాంకు పరీక్ష కోసం క్యూ అక్షరమున్న ఇంగ్లీషు మాటలన్నీ వరసగా రాసుకుని పొద్దున్నే కంఠతా పడుతున్నావని, సాయంత్రానికల్లా సగం ఎగిరిపోతున్నాయని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. టెన్షన్ పడకు. తప్పు నీ జ్ఞాపకశక్తిది కాదు, ఆ పట్టీది. అక్షరక్రమంలో పేర్చిన మాటల్లో పక్కపక్కన ఉన్నవాటికి ఏ చుట్టరికమూ ఉండదు. దాన్ని పక్కన పెట్టి, మాటల్ని కుటుంబాలుగా విడదీసి రాసుకో. కాలేజీలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పినదాన్ని కాబట్టి ధైర్యంగా అంటున్నాను, తెలుగు మీడియం వాళ్లకు ఈ పని ఇంకా తేలిక.

ఈ పొడుగు మాటల్లో ఎక్కువ భాగం లాటిన్ నుంచి వచ్చాయి. లాటిన్, సంస్కృతం దూరపు బంధువులు. పైగా మన లెక్కల పుస్తకంలోని సంస్కృత పదాలూ, ఈ మాటలూ ఒకే తీరున అతికినవి. ఈక్విలిబ్రియం చూడు. ఈక్వి అంటే సమానం, లిబ్రా అంటే త్రాసు. మన సమతౌల్యం కూడా సమ, తుల కలిసి పుట్టిందే. తులారాశిని ఇంగ్లీషులో లిబ్రా అనే అంటారు కదా! ఈక్వనిమిటీ అచ్చంగా సమచిత్తం, ఏం జరిగినా చెదరని నిబ్బరం. ఈక్విలేటరల్ సమబాహు, ఈక్విడిస్టెంట్ సమదూరం. ఇవన్నీ నువ్వు హైస్కూల్లోనే తెలుగులో చదివేశావు. ఒక్క ఈక్వివోకల్ దగ్గర కాస్త ఆగు. అందులో రెండో ముక్కకు అర్థం గొంతు. రెండు వైపులకూ సమానంగా పలికే మాట, అంటే ఎటూ తేల్చని జవాబు. పొత్తుల గురించి అడిగితే ఎన్నికల ముందు నాయకులు చెప్పే సమాధానాలన్నీ ఈ జాతివే. ముందు అన్ చేరిస్తే కుండబద్దలు కొట్టినట్టు చెప్పడం.

అంకెల కుటుంబం నాకు మరీ ఇష్టం. క్వాడ్రిలేటరల్ చతుర్భుజం, క్వాడ్రుపెడ్ చతుష్పాది, క్విన్‌క్వెనియల్ ఐదేళ్లకోసారి జరిగేది. క్విన్‌క్వజెనేరియన్‌లో 15 అక్షరాలు, రెండు క్యూలు. అర్థం మాత్రం 50 నుంచి 59 ఏళ్ల లోపు మనిషి అనే, అంటే మీ నాన్న. క్వారంటైన్ కూడా ఈ ఇంటి పిల్లే. ప్లేగు భయంతో రగూసా నగరం, అదే ఇప్పటి డుబ్రోవ్నిక్, 1377లో బయటి నుంచి వచ్చినవాళ్లను 30 రోజులు దూరంగా ఉంచాలని చట్టం చేసింది. తర్వాత ఆ గడువు 40 రోజులకు పెరిగింది. వెనిస్ వాళ్ల భాషలో నలభైని సూచించే మాటే పేరుగా నిలిచిపోయింది. కొవిడ్ కాలంలో మనం 14 రోజులు గదిలో కూర్చున్నా దాన్ని నలభై అనే పిలిచాం!

క్వింటెసెన్షియల్ అంటే ఐదో సారం. పాత గ్రీకులు భూమి, నీరు, గాలి, నిప్పు అని నాలుగే లెక్కపెట్టేవారు. నక్షత్రమండలం వేరే పదార్థంతో తయారైందని అరిస్టాటిల్ ఐదోదాన్ని చేర్చాడు. పంచభూతాలు తెలిసిన మనకు ఇది కొత్తేమీ కాదు. అన్నిటికంటే శుద్ధమైనది కాబట్టి, పోనుపోను ఆ మాటకు అసలు సిసలు, అచ్చమైన అనే అర్థం వచ్చింది. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి క్వింటెసెన్షియల్ తెలుగు భోజనం అని ఒక వాక్యం రాసుకో, ఇక మర్చిపోవు.

సెస్క్వి అంటే ఒకటిన్నర. గాంధీగారు పుట్టింది 1869లో, కాబట్టి 2019 ఆయనకు సెస్క్విసెంటెనియల్, 150వ జయంతి. ఇక సెస్క్విపెడేలియన్ అంటే ఒకటిన్నర అడుగుల పొడవున్నది. రోమన్ కవి హోరేస్ పొడుగాటి మాటల్ని ఇలా వెక్కిరించాడు. ఒకటిన్నర అడుగంటే మనకు సరిగ్గా ఒక మూర. మూరెడు మాటలు అని రాసుకో, నిఘంటువు కూడా అంత బాగా చెప్పదు.

లోక్వి అంటే మాట్లాడటం. లొక్వేషస్ వసపిట్ట, కొలోక్వియల్ వాడుక భాష, సొలిలొక్వీ స్వగతం, గ్రాండిలొక్వెంట్ శబ్దాడంబరం. బొమ్మను ఒళ్లో పెట్టుకుని పెదవి కదపకుండా మాట్లాడే వెంట్రిలొక్విస్ట్‌కు అసలు అర్థం కడుపుతో మాట్లాడేవాడు. వెతకడం, అడగడం అనే అర్థమున్న కుటుంబం ఇంకొకటి ఉంది: ఆరా తీసే స్వభావం ఇన్‌క్విజిటివ్, ఫలానాది కావాలని రాసిపంపేది రిక్విజిషన్, సొంతం చేసుకోవడం అక్విజిషన్, జీతం మీద దక్కే సదుపాయం పర్క్విజిట్. ఉద్యోగం వచ్చాక ఈ చివరిది నీకు ఎలాగూ బాగా గుర్తుంటుంది. ఇంతకీ బ్యాంకులో రోజూ వినబడేది డెలిన్‌క్వెంట్. విడిగా చెబితే దారి తప్పిన కుర్రాడు, అప్పు విషయంలో అయితే వాయిదా తప్పిన ఖాతా.

స్పెల్లింగులో అందరూ జారేచోటు ఒకటుంది. అక్వైర్, అక్విట్, అక్వియెస్ మాటల్లో క్యూకి ముందున్న సి అక్షరాన్ని వదిలేస్తారు. అక్కడ అసలు ఉన్నది లాటిన్ ఉపసర్గ అద్. క్యూ తగలగానే ద్ కాస్తా క్ అయింది. సత్, చరిత్ర కలిస్తే సచ్చరిత్ర అయినట్టే. శ్చుత్వ సంధి చదివిన పిల్లవి, నీకు ఇది రాకపోవడమేమిటి? ఇన్‌క్వైర్, రిక్వైర్‌లలో ఆ ఉపసర్గ లేదు కాబట్టి సి రాదు. అన్నట్టు అక్వియెస్ అంటే ఇష్టం లేకపోయినా నోరు మెదపకుండా ఒప్పుకోవడం. పెళ్లిచూపుల్లో మన ఇళ్లలో ఆడపిల్లల చేత చాలాకాలం చేయించిన పని అదే.

క్యూ వెంట యు రావడం నార్మన్ల చలవ. వాళ్లు 1066లో ఇంగ్లండును గెలవకముందు క్వీన్ అనే మాటను సి, డబ్ల్యులతోనే రాసేవారు. యు లేకుండా కనిపించే ఖతర్, ఇరాక్, కవ్వాలీ లాంటివన్నీ అరబ్బీ వైపు నుంచి వచ్చినవి. పలకడంలో మాత్రం సూత్రం వెతక్కు, విని నేర్చుకో. కాంకర్‌లో వ వినబడదు, కాంక్వెస్ట్‌లో వినబడుతుంది.

ఇంకో మాట. ఇవన్నీ చదివి అర్థం చేసుకోవడానికే. డిస్క్రిప్టివ్ పేపర్‌లో ఉత్తరమో వ్యాసమో రాయమంటే వీటిని గుప్పించకు. దిద్దేవాళ్లు వాక్యం నడక చూస్తారు. యుబిక్విటస్ అని రాసేచోట ఎక్కడ చూసినా ఉంది అని చిన్న మాటల్లో రాసినా మార్కు పోదు, తప్పు చోట వాడితే పోతుంది.

వచ్చే ఆదివారంలోగా ఈక్వి, లోక్వి కుటుంబాలు రెండూ రాసి, ఒక్కో మాటకూ ఒక సొంత వాక్యం కలిపి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. దిద్ది పంపిస్తాను. గైడులోంచి ఎక్కిస్తే నాకు ఇట్టే తెలిసిపోతుంది. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య