అద్దం వెనక్కి తిప్పి చూడు

చిరంజీవి అల్లుడికి,

విశాఖపట్నం నుంచి మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య నీకు గోంగూర పచ్చడి పంపే హడావిడిలో ఉంది, ఆ సంగతి ఆవిడే ఫోన్ చేసి చెబుతుంది.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో రాత్రి చూశాను. లండన్‌లో ఏదో కొట్టు అద్దంలో మన ఊరి పేరున్న యుద్ధం బొమ్మ కనబడితే ఎవరికైనా కాలు ఆగిపోతుంది. "కొనేయనా మామయ్యా?" అన్నావు. ఇంకా కొనకు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ పిచ్చిలో ఉన్నవాణ్ణి. పోగేసింది ఎంతో, పోగొట్టుకున్నదీ దాదాపు అంతే. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

ఫోటోలో అక్షరాలు మసగ్గా ఉన్నా ఆ బొమ్మ ఏమిటో పోల్చాను. 1804 సెప్టెంబరు 15న మన రేవు ముందు జరిగిన పోరు అది. సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఇంగ్లిషు యుద్ధనౌక, దాని కాపలాలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తకపు ఓడలు లంగరు వేసి ఉన్నాయి. ఫ్రెంచి అడ్మిరల్ లినోవా 74 ఫిరంగుల మారెంగోతో, ఫ్రిగేట్లనే రెండు చిన్న యుద్ధనౌకలతో వచ్చి మీద పడ్డాడు. సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు, హడావిడిగా పడవెక్కి ఓడ చేరాడు. బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి బద్దలైంది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం తీరానికి దగ్గరగా జరిగి నిలబడింది. మారెంగో పెద్ద ఓడ, అంత తక్కువ లోతులోకి రాలేదు. దూరం నుంచే కాల్చీ కాల్చీ చివరికి వెళ్ళిపోయింది. ఇరవై ఏడేళ్ళు ఇదే రేవులో టగ్గుల మీద పనిచేశాను కాబట్టి ఆ తక్కువ లోతు సంగతి నాకు కాళ్ళకింద తెలిసినట్టు ఉంటుంది. నువ్వూ బొమ్మ కొనేముందు దాని వెనక కథ చదువు. కథ తెలియకుండా కొన్న బొమ్మ ఆరు నెలలకే గోడ మీద క్యాలెండరు అయిపోతుంది.

ఆ బొమ్మ గీసింది థామస్ విట్‌కూంబ్, రాగిరేకు మీదికి ఎక్కించింది థామస్ సదర్లాండ్. జేమ్స్ జెంకిన్స్ అనే పబ్లిషరు ఇంగ్లిషు నావికాదళం గెలుపుల మీద 1817లో వేసిన పెద్ద పుస్తకంలోది. అందులో ఇలాంటి రంగుల పేజీలు 50కి పైగా ఉన్నాయి. అంటే నువ్వు చూసింది ఏదో గోడకు తగిలించడానికి వేసిన పటం కాదు, పుస్తకం నుంచి విడిపోయిన పేజీ. ఇందులో తప్పేం లేదు, మార్కెట్లో దొరికే పాత ప్రింట్లలో చాలావరకు అలాంటివే. ఎప్పుడో వందేళ్ళ కిందట విడిపోయిన పేజీ కొనడానికి నాకు అభ్యంతరం లేదు. నిక్షేపంలా ఉన్న పుస్తకాన్ని లాభం కోసం ఇవాళ చింపి అమ్మేవాడి దగ్గర మాత్రం నేను కొనను. నువ్వూ కొనకు.

ఇక అసలు పరీక్ష. కొట్టువాణ్ణి మర్యాదగా అడిగి ఫ్రేము లోంచి బయటికి తీయించు. తీయనంటే దండం పెట్టి వచ్చేయ్. తీస్తే ముందు బొమ్మ చూడకు, కాగితం చూడు. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు ఎదురుగా పట్టుకో. పాతకాలం కాగితంలో సన్నటి గీతలు నిలువుగా అడ్డంగా జల్లెడలా కనిపిస్తాయి. గీతలు లేని నున్నటి కాగితం 1750లలో ఇంగ్లండులో వచ్చింది, కాబట్టి 1817 ప్రింటుకు నున్నటి కాగితం ఉండొచ్చు. 1740 నాటిదని చెబుతూ నున్నటి కాగితం చూపిస్తే మాత్రం అనుమానించు. ఆ వెలుతురులోనే వాటర్‌మార్క్ వెతుకు. వాట్‌మన్ అనే కాగితం మిల్లు పేరూ, పక్కన సంవత్సరమూ ఉండే అవకాశం ఉంది. 1794 తర్వాత ఇంగ్లిషు మిల్లులు కాగితంలోనే సంవత్సరం వేయడం మామూలైంది. ఆ అంకె 1812 అనో 1816 అనో ఉంటే బాగుంది, అచ్చాఫీసులో కాగితం నిలవ ఉండేది కాబట్టి కొన్నేళ్ళు ముందుదైనా పర్వాలేదు. 1830 తర్వాతి అంకె కనిపిస్తే రేకు పాతదే, అచ్చు మాత్రం తర్వాత వేసింది. ఈ రకం పుస్తకాల రేకులు దాచుకుని మళ్ళీ మళ్ళీ అచ్చు వేసుకునేవాళ్ళు. అది దొంగ సరుకు కాదు గానీ దానికి మొదటి అచ్చు ధర పెట్టకూడదు.

తర్వాత వేలు. బొమ్మ చుట్టూ అంచు మీద బొటనవేలు మెల్లగా జరిపితే ఒక చిన్న మెట్టు తగలాలి. రాగిరేకు మీద తడి కాగితం పెట్టి రోలరు కింద నొక్కినప్పుడు పడే గుంట అది. పుస్తకం పేజీల్లో ఆ అంచు కత్తిరించేసి ఉంటుంది కొన్నిసార్లు, అప్పుడు ధర తగ్గించమని అడుగు. లిథోగ్రాఫ్ అంటే రాయి మీద గీసి తీసే అచ్చు, దానికి ఈ గుంట ఉండదు. కాబట్టి గుంట లేనంత మాత్రాన మోసమని గొడవ పడకు.

ఆఖరికి భూతద్దం. పదింతలు చూపించేది ఒకటి కొనుక్కుని ఎప్పుడూ జేబులో ఉంచుకో. ఈ బొమ్మ ఆక్వాటింట్. రేకు మీద గుగ్గిలంలాంటి జిగురు పొడి చల్లి, వేడి చేసి అంటించి, యాసిడ్‌లో ముంచుతారు. రేణువుల మధ్య సందుల్లో మాత్రమే యాసిడ్ రాగిని తింటుంది. భూతద్దంలో ఆకాశం వైపు చూస్తే ఎండిన చెరువులో బీటలు పడ్డట్టు సన్నటి వల కనిపిస్తుంది. దాని మీద చేత్తో వేసిన నీటిరంగు కొంచెం గీత దాటి పారి ఉంటుంది. అదే ఈకాలం ప్రింటింగ్ అయితే నీలం, ఎరుపు, పసుపు చుక్కలు వరసలు కట్టి ముగ్గులా కనబడతాయి. ఒక్కసారి రెండూ పక్కపక్కన పెట్టి చూశావంటే మళ్ళీ జన్మలో పొరపడవు.

ఈ ముగ్గు చుక్కల పాఠం నాకు 1991లో పదిహేను వందలకు వచ్చింది. ముంబయిలో ఒక పాత సామాన్ల కొట్టులో ట్రఫాల్గర్ యుద్ధం బొమ్మ, గోధుమరంగు తిరిగిన కాగితం, పురుగు కొట్టిన చెక్క ఫ్రేము. అప్పటి నా జీతానికి ఆ పదిహేను వందలు ఏమిటో మీ అమ్మని అడుగు. రైల్లో రెండు రాత్రులు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇంటికొచ్చాక అద్దం తుడుద్దామని తీస్తే కాగితం నుంచి టీ వాసన వచ్చింది. నిజంగా టీ డికాక్షనే! ఎవడో క్యాలెండరు బొమ్మని టీలో నానబెట్టి ఎండబెట్టాడు. ఫ్రేము మాత్రం అసలైన పాతది. ఇప్పుడు అందులో మీ తాతగారి ఫోటో ఉంది.

బొమ్మ కింద అక్షరాలు చదవడం కూడా నేర్చుకో. ఎడమ మూల పేరు పక్కన "పింక్స్" అనో "డెల్" అనో ఉంటే గీసినవాడు, కుడి మూల "స్కల్ప్" అని ఉంటే చెక్కినవాడు. మధ్యలో పబ్లిషరు పేరూ తేదీ. ఇంగ్లండులో 1735లో హోగార్త్ అనే చిత్రకారుడి పోరు వల్ల వచ్చిన చట్టం ప్రకారం హక్కు కావాలంటే ఆ లైను ఉండాల్సిందే. ఆ లైను గీకేసి ఉన్నా, కత్తిరించేసి ఉన్నా ఎందుకని అడుగు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. కనిపించిన ప్రతి ఓడా కొనకు. ట్రఫాల్గర్, నైలు యుద్ధాల బొమ్మలు కొంటూ పోతే నీ జీతం చాలదు, ఇల్లూ చాలదు. ఒక దారం పట్టుకో. నీకు దారం ఇప్పటికే దొరికింది కదా, ఈ లినోవానే పట్టుకో. ఇదే 1804 ఫిబ్రవరిలో మలయా తీరంలోని పులో ఆరా దీవి దగ్గర ఈస్టిండియా కంపెనీ వర్తకపు ఓడలు యుద్ధనౌకల్లా నటిస్తే ఆయన భయపడి వెళ్ళిపోయాడు. ఆ సంఘటన మీద ఇంగ్లిషువాళ్ళు ముచ్చటపడి బొమ్మలు వేసుకున్నారు. ఇంకొంచెం వెనక్కి వెళితే 1782, 83లలో ఫ్రెంచి అడ్మిరల్ సుఫ్రెన్‌కూ ఇంగ్లిషు అడ్మిరల్ హ్యూస్‌కూ ఇదే తూర్పు సముద్రంలో సద్రాసు నుంచి కడలూరు దాకా ఐదు యుద్ధాలు. దొరికితే ఒకే యుద్ధానికి ఇంగ్లిషు బొమ్మా, ఫ్రెంచి బొమ్మా పక్కపక్కన పెట్టు. ఎవరి బొమ్మలో వాళ్ళే గెలుస్తూ ఉంటారు, చూడ్డానికి భలే సరదా.

నన్నడిగితే మాత్రం యుద్ధాల కంటే ఒడ్డు పడవల బొమ్మలు మేలు. చార్లెస్ హంట్ చెక్కిన మద్రాసు రేవు ఆక్వాటింట్లు ఎక్కడైనా కనబడితే ఆగి చూడు. హార్బరు లేని రోజుల్లో పెద్ద ఓడలు దూరంగా ఆగితే, కెరటాల్లోంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. మేకు అనేదే లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు, కెరటం కొడితే పగలకుండా వంగేది. యుద్ధం బొమ్మ కింద అడ్మిరల్ పేరు ఉంటుంది. ఈ పడవ తోసిన మనిషి పేరు ఏ బొమ్మ కిందా నాకు కనబడలేదు. అలాగే కలకత్తాలో ఉండి బొమ్మలు చెక్కిన సోల్విన్స్ కూడా. ఆంట్వెర్ప్ నుంచి వచ్చినవాడు, సముద్రం గీసి అలవాటున్న చెయ్యి. ఆయన పడవల్లో తాడు ఎక్కడ కట్టాలో అక్కడే కట్టి ఉంటుంది. చాలామంది చిత్రకారులకు అది తెలియదు. జెండా ఒకవైపు, తెరచాప ఇంకోవైపు ఎగురుతున్న బొమ్మలు నా దగ్గరే రెండున్నాయి.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే 1842లో మొదలైన ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పాత పేజీలతో మొదలుపెట్టు. చెక్క మీద చెక్కి వేసిన నలుపు తెలుపు బొమ్మలు, చౌకగా దొరుకుతాయి. వాటి మీద రంగులుంటే ఎక్కువగా తర్వాత ఎవరో వేసినవే. కొనని రోజున గ్రీనిచ్‌లో నేషనల్ మారిటైమ్ మ్యూజియంకి వెళ్ళు, నీకు ట్రైన్ దూరమే. అసలైనవి ఎన్ని చూస్తే కన్ను అంత కుదురుతుంది.

కొన్న తర్వాత కాపాడుకోవడం ఇంకో కథ. సెల్లోటేపు, లామినేషన్, జిగురు, ఈ మూడింటి పేరు కూడా ఇంట్లో ఎత్తకు. నేను ఒక మంచి లిథోగ్రాఫ్‌ని ఫ్రేములు కట్టే కుర్రాడికిచ్చి గట్టిగా అతికించమని నా నోటితో నేనే చెప్పాను. ప్లైవుడ్‌కి అతికించాడు. మూడు వానాకాలాలు గడిచేసరికి తుప్పు రంగు మచ్చలు సముద్రమంతా పరుచుకున్నాయి. బొమ్మ చుట్టూ యాసిడ్ లేని అట్ట, అదే మౌంట్ బోర్డు, పెట్టించు, అద్దం కాగితానికి తగలకూడదు, ఎండ పడే గోడ వద్దు. ఇక్కడికి తెస్తే మన ఉప్పుగాలికి ఏడాదికోసారి వెనక విప్పి పురుగు చూడాలి.

ఇక్కడికి తెచ్చే ముందు ఒక్క మాట. బిల్లు మీద గీసినవాడి పేరు, చెక్కినవాడి పేరు, సంవత్సరం రాయించు, కస్టమ్స్‌లో 9702 అనే హెడ్డింగు కింద పాత ప్రింట్లు వస్తాయి. కానీ మన 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువును మామూలు మనిషి దేశం దాటించకూడదు. తెచ్చి ఇక్కడ పెడితే మళ్ళీ నీ సూట్‌కేసులో వెనక్కి తీసుకెళ్ళడం కుదరదు. ఏ ఊళ్ళో స్థిరపడతావో తేల్చుకున్నాకే తీసుకురా. ఈ విషయంలో మీ అమ్మ టెన్షన్ వేరే, అది మనం ఇక్కడ మాట్లాడుకోవద్దు.

శనివారం ఆ కొట్టుకు వెళతానన్నావు కదా. ముందువైపు ఫోటోలు ఇక చాలు. వెలుతురుకు పట్టి వెనకవైపు ఒకటి, వాటర్‌మార్క్ దగ్గర ఒకటి, భూతద్దం మీద కెమెరా ఆనించి ఆకాశం మూల ఒకటి తీసి పంపు. ఇక్కడ అర్ధరాత్రి అయినా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మామయ్య