గ్వాడలహారా ఉదంతాన్ని తెరకు రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి,

ఆశీస్సులు. మెక్సికోలోని గ్వాడలహారా నగరంలో అపహరణకు గురై హత్యకు బలైన అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ అధికారి కమరేనా ఉదంతం ఆధారంగా నీవు రాసి పంపిన మొదటి రెండు ఎపిసోడ్ల స్క్రిప్టు శ్రద్ధగా చదివాను. ఎన్నుకున్న విషయం గొప్పది. దాని కోసం నీవు పడిన శ్రమ ప్రతి పుటలోనూ కనిపిస్తోంది. అయితే కథ మాదకద్రవ్యాల ముఠా నాయకుడు రఫాయెల్ కారో కింతేరో ఇచ్చే విందుతో మొదలై, అతని గుర్రాల చుట్టూ, ఆభరణాల చుట్టూ, అనుచరుల చుట్టూ చాలాసేపు తిరుగుతోంది. ముఠా నాయకుడి వైభవం తెర మీద కళ్ళకు ఇంపుగానే ఉంటుంది. కానీ ఆ వైభవం దేశంలోని అధికారులందరి కళ్ళ ముందు ఎలా పెరగగలిగిందన్నదే నీ ధారావాహికకు ప్రాణం, అది ఈ రెండు ఎపిసోడ్లలో ఇంకా అడుగు పెట్టలేదు.

చివావా రాష్ట్రంలో ఆ ముఠా నడిపిన రాంచో బుఫాలో గంజాయి తోటనే తీసుకో. 1984 నవంబరులో మెక్సికో సైన్యం దాడి చేసేనాటికి అక్కడ వేలమంది కూలీలు పనిచేస్తున్నారు. ఆ ఎండు నేలలో అంత సేద్యం సాగాలంటే బావులు తవ్వాలి, మోటార్లు నడవాలి, కూలీలను దూరప్రాంతాల నుంచి లారీల్లో తీసుకురావాలి, వాళ్ళకు రోజూ తిండి పెట్టాలి, కోసిన పంటను ఆరబెట్టడానికి షెడ్లు వేయాలి, మూటలు కట్టిన సరుకును సరిహద్దు దాకా చేర్చాలి. వీటిలో ఏ ఒక్కటీ గుట్టుగా జరిగే పని కాదు. దారి పొడవునా ఎవరో ఒక ఉద్యోగి చూసీ చూడనట్టు ఊరుకుంటేనే ఆ లారీలు కదులుతాయి. నీ స్క్రిప్టులో ఈ తోట ఆకాశం నుంచి కాసేపు కనిపించి మాయమవుతోంది. నా మాట విని ఒక ఎపిసోడ్ మొత్తం దానికే ఇవ్వు. డబ్బు సంచి చేతులు మారే సన్నివేశం ఒక్కటి కూడా లేకుండానే అవినీతి ఎలా పనిచేస్తుందో ప్రేక్షకుడికి బోధపడుతుంది. పోతే, ఆ తోట బయటపడిన ఘనతంతా కమరేనా ఒక్కడికే కట్టబెట్టావు. నాయకపాత్రకు అది బలమని అనుకుని ఉంటావు గానీ, అటువంటి దాడి వెనుక అనేకమంది అధికారుల, సమాచారం అందించిన అనామకుల శ్రమ ఉంటుంది, వాళ్ళను కథలోంచి తుడిచివేయడం న్యాయం కాదు.

విమానాశ్రయం సన్నివేశంలో నీవు తుపాకుల మోత పెట్టావు. 1985 ఫిబ్రవరి 7న గ్వాడలహారాలోని అమెరికా కాన్సులేట్ బయట కమరేనా అపహరణ జరిగింది. కొద్ది రోజులకే ఆ నగర విమానాశ్రయంలో ఫెడరల్ పోలీసులు ఎదురుగా ఉండగానే కారో కింతేరో విమానమెక్కి వెళ్ళిపోయాడు, చివరికి ఏప్రిల్‌లో కోస్టారికాలో పట్టుబడ్డాడు. ముఠావాళ్ళ దగ్గర డీఎఫ్ఎస్ అనే ప్రభుత్వ భద్రతా సంస్థ గుర్తింపు కార్డులు ఉండేవి. ఒకడు జేబులోంచి కార్డు తీసి చూపడం, ఆయుధం పట్టుకున్న ప్రభుత్వోద్యోగి పక్కకు తప్పుకోవడం, విమానం తలుపు మూసుకోవడం, ఇంతకంటే భయం పుట్టించే దృశ్యాన్ని నీ తూటాలు సృష్టించలేవు. ఆ సంస్థను ప్రభుత్వం అదే ఏడాది రద్దు చేసింది.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమని నమ్మే సంగతికి వస్తాను. పత్రికలో రాసేవాడు ‘అభియోగం ఉంది’ అనీ ‘సాక్షి చెప్పినదాని ప్రకారం’ అనీ రాసి తన మాటకు హద్దు గీసుకోగలడు. తెరకు రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఒక మంత్రి ముఠా నాయకులతో బల్ల చుట్టూ కూర్చున్నట్టు నీవు చూపిస్తే, ప్రేక్షకుడి మనసులో ఆ సమావేశం జరిగిపోయినట్టే. ఎపిసోడ్ మొదట్లో ఎన్ని హెచ్చరికలు వేసినా ఆ బొమ్మ చెరగదు. ఈ ఉదంతం మీద అమెరికాలో ఎన్‌బీసీ టీవీ 1990 జనవరిలోనే ధారావాహిక ప్రసారం చేసింది. ఆ ఏప్రిల్‌లోనే ఉంబెర్తో అల్వారెస్ మచాయిన్ అనే వైద్యుణ్ణి గ్వాడలహారా నుంచి బలవంతంగా ఎత్తుకుపోయి అమెరికా కోర్టులో నిలబెట్టారు. చిత్రహింసల సమయంలో కమరేనా ప్రాణం పోకుండా చూశాడన్నది అతని మీది అభియోగం. అలా ఎత్తుకురావడం విచారణకు అడ్డంకి కాదని 1992లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో సాక్ష్యం చాలదని విచారణ న్యాయమూర్తి అతన్ని నిర్దోషిగా వదిలేశాడు. నీ రెండో ఎపిసోడ్‌లో అతని చేతికి సిరంజి ఇచ్చావు. కోర్టులో నిలబడని మాటను నీవు కోట్లమంది కళ్ళ ముందు రుజువు చేసేశావు. ఆ సన్నివేశం తీసివేయవలసిందే.

అలాగని రుజువు కానిదాన్ని పూర్తిగా విడిచిపెట్టమని అనడం లేదు. సంఘటనను కాక, సంఘటన గురించి చెబుతున్న మనిషిని చూపించు. 2013లో కొందరు మాజీ అధికారులు ఈ హత్యలో సీఐఏ ప్రమేయం ఉందని బహిరంగంగా ఆరోపించారు, ఆ సంస్థ ఖండించింది. దీన్ని నీవు రాయదలిస్తే ఒక వృద్ధుడు కెమెరా ముందు కూర్చుని తన మాటగా చెప్పాలి, ఎదుటివాడు అడ్డుప్రశ్న వేయాలి, ఆ వృద్ధుడు ఒకచోట తడబడనూ తడబడాలి. అప్పుడు నమ్మాలో లేదో ప్రేక్షకుడు తానే తేల్చుకుంటాడు. మూసిన తలుపు వెనుక సమావేశాల విషయంలో కెమెరాను తలుపు బయటే ఆపడం నేర్చుకో.

చిత్రహింసల దృశ్యాలు బాగా తగ్గించు. అపహరించినవాళ్ళు ఆ విచారణను టేపుల్లోకి ఎక్కించుకున్నారు. వాళ్ళు ఏం తెలుసుకోవాలని తహతహలాడారో ఆ ప్రశ్నలు చెబుతాయి, అవి చాలు. కమరేనా కుటుంబం ఇప్పటికీ ఉంది.

నీ స్క్రిప్టులో ఆల్ఫ్రెడో సవాలా పేరు ఎక్కడా రాకపోవడం నన్ను బాధపెట్టింది. కమరేనాతో పనిచేసిన ఈ మెక్సికో పైలట్‌ను కూడా అదే రోజున ఎత్తుకుపోయారు, మార్చి 5న మిచోవాకాన్ రాష్ట్రంలో ఇద్దరి శవాలూ కలిసే దొరికాయి. అలాగే మాన్యుయెల్ బుయెందియాను చదువు. అవినీతి మీద నిర్భయంగా రాసిన ఆ పాత్రికేయుణ్ణి 1984 మే 30న మెక్సికో నగరంలో కాల్చి చంపారు. ఆ హత్య చేయించిన నేరానికి డీఎఫ్ఎస్ అధిపతిగా ఉన్న వ్యక్తికే తరువాత శిక్ష పడింది. ఈ ఇద్దరూ లేని కథలో మెక్సికన్లంతా లంచగొండులుగానూ, మంచితనమంతా అమెరికా నుంచి దిగుమతి అయినట్టుగానూ కనిపిస్తుంది. ముఠాల మత్తు సరుకు కొనుక్కున్నది అమెరికాయేనని కూడా ఎక్కడో ఒకచోట వినిపించాలి.

ముగింపును శిక్షతో ఆపకు. కారో కింతేరో 2013 ఆగస్టులో సాంకేతిక కారణం మీద విడుదలయ్యాడు, 2022 జూలైలో మళ్ళీ పట్టుబడ్డాడు, 2025 ఫిబ్రవరిలో అమెరికాకు అప్పగింపబడ్డాడు. కాబట్టి చిత్రీకరణ పూర్తయ్యేదాకా చివరి అక్షరాల పలకను ఖాళీగా ఉంచుకుని, ప్రసారానికి ముందు సరిచూసి నింపు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ప్రతి సన్నివేశం పక్కన అంచులో దాని ఆధారం రాయి: తీర్పా, వాంగ్మూలమా, పత్రికా కథనమా, నీ ఊహా. ఊహ అని రాసినచోట నిజమైన వ్యక్తి పేరు ఉంటే, ఆ పాత్రకు కల్పిత పేరు పెట్టు లేదా సన్నివేశాన్ని మార్చు. విమానాశ్రయం ఘట్టాన్ని తిరగరాసి ముందుగా అదొక్కటీ పంపు, మిగతావి తీరికగా చూద్దాం.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి