ఓఆర్ఎం వస్తే ఎస్‌క్యూఎల్ అక్కర్లేదా?

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతూ పైథాన్ ఫుల్‌స్టాక్ కోర్సులో చేరాను. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ఓఆర్ఎం ఉంది కాబట్టి, డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్ విడిగా నేర్చుకోనక్కర్లేదని సీనియర్లు అంటున్నారు. నిజమేనా? - ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఆ మాట పట్టుకుని ఎస్‌క్యూఎల్ వదిలేయకండి. ఓఆర్ఎం అంటే మనం రాసిన కోడ్‌ను ఎస్‌క్యూఎల్‌గా మార్చి డేటాబేస్‌కు పంపే సాధనం. ఇందులో టేబుల్‌ను క్లాస్‌గా, అందులోని వరసను ఆబ్జెక్ట్‌గా రాసుకుంటాం. పని త్వరగా అవుతుంది, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (బయటివాళ్లు ఇన్‌పుట్‌లో ఎస్‌క్యూఎల్ చొప్పించి చేసే దాడి) ప్రమాదమూ చాలావరకు తగ్గుతుంది. అయినా చివరికి డేటాబేస్‌కు వెళ్లేది ఎస్‌క్యూఎలే.

మీ ప్రాజెక్టులో ఆర్డర్ల పేజీ ఉందనుకుందాం. వంద ఆర్డర్లు తెచ్చి, లూప్‌లో ఒక్కోదాని పక్కన కస్టమర్ పేరు చూపించారు. కోడ్ రెండు మూడు లైన్లే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోపల మాత్రం ఆర్డర్ల కోసం ఒక క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), ఆపైన పేరు అడిగిన ప్రతిసారీ ఇంకో క్వెరీ. మొత్తం 101! ల్యాప్‌టాప్‌లో పది రికార్డులతో టెస్ట్ చేస్తే తేడా తెలియదు. లైవ్‌లో డేటా పెరిగాక పేజీ నత్తనడక నడుస్తుంది. దీన్నే ఎన్ ప్లస్ వన్ సమస్య అంటారు, ఇంటర్వ్యూల్లో తరచూ అడుగుతారు. ఇక్కడ సెలెక్ట్_రిలేటెడ్ చేరిస్తే జాంగో జాయిన్ (రెండు టేబుళ్లను కలిపే ఎస్‌క్యూఎల్ పద్ధతి) పెట్టి అంతా ఒకే క్వెరీలో తెస్తుంది. అదే కస్టమర్ల జాబితా తీసి, ఒక్కొక్కరి ఆర్డర్లన్నీ చూపించాలంటే ప్రీఫెచ్_రిలేటెడ్ వాడాలి. అది రెండు క్వెరీలతో తెచ్చి పైథాన్‌లో కలుపుతుంది. ఎక్కడ ఏది వాడాలో జాయిన్ అర్థమైతేనే తెలుస్తుంది. బట్టీపట్టి వెళ్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇన్‌స్టాల్ చేసుకుని జాయిన్లు, గ్రూప్ బై, ఇండెక్సులు చేత్తో రాసి ప్రాక్టీస్ చేయండి. క్వెరీని డేటాబేస్ ఎలా నడుపుతుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూడటం తప్పనిసరి, చాలామంది కోర్సు అయిపోయినా దాని జోలికి వెళ్లరు. తర్వాత జాంగోలో డీబగ్ ఆన్ చేసి, షెల్‌లో కనెక్షన్.క్వెరీస్ ప్రింట్ చేస్తే మీ కోడ్ ఎన్ని క్వెరీలు పంపిందో అక్కడే కనిపిస్తుంది. రేపు జావా ప్రాజెక్టులో వేసినా ఇబ్బంది ఉండదు. జావాలో వాడే ఓఆర్ఎం హైబర్నేట్‌లోనూ ఇదే సమస్య వస్తుంది, ఎస్‌క్యూఎల్‌ను చూపించే సెట్టింగ్ అందులోనూ ఉంది.

ఓఆర్ఎం మానేయమని నేను అనడం లేదు, ఉద్యోగంలో రోజూ వాడేది అదే. కాకపోతే రెజ్యూమేలో ‘జాంగో ఓఆర్ఎం వచ్చు’ అని రాస్తే మిమ్మల్ని ఎవరూ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోరు. మీ ప్రాజెక్టులోనే ఇలాంటి పేజీ ఒకటి సరిచేసి, ముందెన్ని క్వెరీలు, తర్వాతెన్ని అని రాయండి. ఎలా తగ్గించారని అడిగితే బోర్డు మీద ఆ జాయిన్ రాసి చూపించండి.