ఫుడ్ కలర్ వాడకుండా కాక్‌టెయిల్‌కి నీలం రంగు తెప్పించవచ్చా?

తెప్పించవచ్చు. మన కంచెల మీద పాకే నీలి శంఖుపూలు చాలు. గుప్పెడు ఎండు పూలు జిన్‌లో వేసి రెండు మూడు గంటలు వదిలేయండి, సిరాలాంటి నీలం దిగుతుంది. పూలకి పెద్దగా రుచి లేదు కాబట్టి జిన్ రుచి చెడదు. పురుగుమందు కొట్టిన తోటలో పూలు మాత్రం వద్దు.

చిక్కంతా పులుపుతోనే. ఆ రంగు పూలలోని ఆంథోసయనిన్లనే సహజ రంగు పదార్థాల వల్ల వస్తుంది. ఆమ్లం తగిలితే అది ఊదాకి తిరుగుతుంది, నిమ్మరసం ఇంకాస్త పడితే గులాబీ అయిపోతుంది. టానిక్ వాటర్‌లోనూ (జిన్‌లో కలిపే చిరుచేదు సోడా) సిట్రిక్ యాసిడ్ ఉంటుంది. అందుకే జిన్, టానిక్ కలిపేసరికి 'నీలం ఏదీ?' అని టెన్షన్ పడతారు. దాన్నే ఆటగా మార్చుకోవచ్చు: గ్లాసులో ఐస్, టానిక్ ముందు పోసి, నీలి జిన్‌ని చెంచా వీపు మీదుగా మెల్లగా జారవిడవండి. తీపి టానిక్ కంటే జిన్ తేలిక, కాబట్టి పైన నీలం, కింద ఊదా నిలబడతాయి. కలిపితే ఒకటైపోతాయి.

ఎరుపుకి బీట్‌రూట్ అందరూ చెబుతారు గానీ దాని మట్టి వాసన నాకు పడదు. ఎర్ర గోంగూర కాయల మీది రేకలు మరిగించిన నీళ్లు మేలు, పులుపు కూడా కలిసొస్తుంది. వంటింటి పసుపులోని రంగు ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. పసుపు పొడి జ్యూస్‌లో నేరుగా కలిపితే అడుగున మడ్డి కడుతుంది. చొక్కా జాగ్రత్త!