డామినో సపోర్ట్ ఉద్యోగం వచ్చింది, చేరాలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీ మెయిల్ సపోర్ట్ ఉద్యోగం ఇచ్చింది. పనంతా హెచ్‌సీఎల్ నోట్స్ (ఆఫీసుల్లో మెయిల్, అప్లికేషన్లు వాడుకునే సాఫ్ట్‌వేర్), దాని సర్వర్ డామినో మీదే. అది పాతబడిపోయింది, చేరితే ఇరుక్కుపోతావని ఫ్రెండ్స్ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. దీన్ని వదిలేసి పైథాన్ కోర్సులో చేరమంటారా?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: నేనైతే చేరమనే అంటాను. పాతదన్న మాట నిజమే. ఇప్పటి హెచ్‌సీఎల్ నోట్సే ఒకప్పటి లోటస్ నోట్స్, అది 1989లో వచ్చింది. 1995లో లోటస్ కంపెనీని ఐబీఎం కొన్నది, 2019లో నోట్స్, డామినో హెచ్‌సీఎల్ చేతికొచ్చాయి. కొత్తగా పెట్టే కంపెనీలు దీని జోలికి రావడం అరుదు. కానీ ఏళ్లుగా వాడుతున్న సంస్థలు అంత తేలిగ్గా వదిలించుకోలేవు. నోట్స్‌లో మెయిల్‌బాక్స్ కూడా ఒక డేటాబేసే. ఆ పద్ధతిలోనే సెలవు దరఖాస్తులకు, కొనుగోలు అనుమతులకు, ఫైలు ఎవరి దగ్గర ఆగిందో చూసుకోడానికి అప్లికేషన్లు కట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ మెయిల్, ఆఫీస్ సేవ మైక్రోసాఫ్ట్ 365కి మారేటప్పుడు మెయిల్స్, క్యాలెండర్లు టూల్స్‌తో వెళ్లిపోతాయి. ఈ అప్లికేషన్లు అలా వెళ్లవు, మళ్లీ రాయాల్సిందే. అందుకు లోపలి లోటస్‌స్క్రిప్ట్ (నోట్స్ అప్లికేషన్లు రాసే ప్రోగ్రామింగ్ భాష) చదివి అర్థం చేసుకునేవాళ్లు కావాలి. మీరు పట్టు సాధించాల్సింది అక్కడే.

మీ స్నేహితుల భయంలోనూ నిజముంది. పాస్‌వర్డ్ రీసెట్లు, మెయిల్‌బాక్స్ నిండిపోయిందన్న టికెట్లతోనే మూడేళ్లు గడిపేస్తే తర్వాత ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి ఏమీ మిగలదు. అందుకే మొదటి వారం నుంచే మెయిల్ హెడర్ (మెయిల్ ఏ సర్వర్ల గుండా వచ్చిందో చూపే వివరాలు) చదవడం అలవాటు చేసుకోండి. ‘రిసీవ్డ్’ అన్న వరుసలను కింది నుంచి పైకి చదవాలి. అన్నిటికన్నా కిందది మెయిల్ బయలుదేరిన చోటు. రెండు వరుసల మధ్య టైమ్ నలభై నిమిషాలు దూకిందంటే ఆలస్యం ఆ రెండు సర్వర్ల మధ్యే జరిగిందన్నమాట. ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో మెయిల్ పంపడానికి ఆ సర్వర్‌కు అనుమతి ఉందా అన్న తనిఖీ) పాసై డీకిమ్ (మెయిల్‌పై పెట్టే డిజిటల్ సంతకం) ఫెయిలైందంటే, దారిలో ఏదో గేట్‌వే (మెయిల్ దాటివచ్చే మధ్య సర్వర్) మెయిల్ చివర డిస్‌క్లెయిమర్ అతికించిందేమో చూడండి. సంతకం చేశాక ఒక్క వాక్యం చేరినా డీకిమ్ ఒప్పుకోదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్దసంఖ్యలో మెయిల్స్ పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ తనిఖీల్లో ఫెయిలైన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే నియమం) మూడూ తప్పనిసరి చేశాయి. ఇవి తెలిసినవాళ్లకు మెయిల్ సర్వర్ డామినో అయినా, మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ అయినా, జోహో అయినా పని ఒకటే.

ఇంట్లో ప్రాక్టీసుకు చవక డొమైన్ ఒకటి కొనుక్కోండి. ఎంఎక్స్ (ఆ డొమైన్ మెయిల్స్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పేది), ఎస్‌పీఎఫ్ రికార్డులు మీ చేత్తోనే రాయండి. లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపి, అందుకునే సర్వర్), డవ్‌కాట్ (మెయిల్‌బాక్స్ తెరిచి చదివించే సర్వర్) పెట్టి చూడండి. మైక్రోసాఫ్ట్ కమాండ్, స్క్రిప్టింగ్ టూల్ పవర్‌షెల్ కూడా మొదలుపెట్టండి, ఎక్స్ఛేంజ్ అడ్మిన్లకు అది రోజువారీ పనిముట్టు. పైథాన్‌ను వదలక్కర్లేదు, సర్వర్ లాగ్‌లు వడపోయడానికి బాగా పనికొస్తుంది.

సంతకం పెట్టేముందు హెచ్‌ఆర్‌ని రెండు ప్రశ్నలు అడగండి: బాండ్ ఎన్నేళ్లు? క్లయింటుకు మైగ్రేషన్ (డామినో నుంచి వేరే సిస్టమ్‌కు మారే) ప్లాన్ ఉంటే అందులోకి ఫ్రెషర్లను తీసుకుంటారా? బాండ్ పొడుగ్గా ఉండి, రెండో ప్రశ్నకు సమాధానం నసిగితే మాత్రం ఇంకో ఆఫర్ కోసం ఆగండి.